ద్విపదే, చతుష్పదే: గుబ్బియో కంచు రేకుల మీద ఇవే మాటలు

శాసనప్రియ (మొదటి టపా):

పురుషసూక్తానికి ముందు చెప్పే శాంతి పాఠం మన గ్రూపులో చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది. "తచ్ఛం యోరావృణీమహే" అని మొదలై "శం నో అస్తు ద్విపదే, శం చతుష్పదే" అని ముగుస్తుంది. రెండు కాళ్లవాటికి మేలు కలగాలి, నాలుగు కాళ్లవాటికి మేలు కలగాలి అని. ఆ చివరి రెండు మాటల గురించే ఈ టపా. ఇవే మాటలు, ఇదే వరసలో, ఇలాగే దేవుణ్ణి అడుగుతూ, మధ్య ఇటలీలో ఒక కొండ ఊళ్లో కంచు రేకు మీద చెక్కి ఉన్నాయి.

ఆ ఊరి పేరు గుబ్బియో, పాత పేరు ఇగువియం. అక్కడ ఉంబ్రియన్లు అనే జనం ఉండేవారు. రోము ఇంకా ఇటలీ మొత్తాన్నీ మింగక ముందు ఆ దేశంలో లాటిన్లు ఒక్కరే లేరు. ఉంబ్రియన్లు, సామ్నైట్లు, సబైన్లు, మార్సీలు, వోల్షియన్లు, ఇలా ఎన్నో జాతులు. వీళ్ల భాషలన్నీ లాటిన్‌కు దగ్గరి చుట్టాలు. వీటన్నిటినీ కలిపి ఇటాలిక్ భాషలు అంటారు. పక్కనే ఉన్న ఎత్రుస్కన్ల భాష మాత్రం ఈ కుటుంబానికి చెందదు.

గుబ్బియోలో 15వ శతాబ్దంలో ఏడు కంచు రేకులు బయటపడ్డాయి. 1456లో ఊరి పాలకులు వాటిని కొన్నారు. ఇప్పటికీ అక్కడి పలాజ్జో దెయి కోన్సోలి భవనంలో ఉన్నాయి. క్రీస్తుపూర్వం 3 నుంచి 1వ శతాబ్దం మధ్యలో చెక్కినవి. వాటిలో ఉన్నది రాజుల ప్రశస్తి కాదు, పూజావిధానం. అత్తీదియన్ సోదరులు అనే ఒక పూజారి బృందం ఏ రోజు ఏ దేవుడికి ఏ ద్వారం దగ్గర ఏ పశువును బలి ఇవ్వాలో, ఏ మాటలు పైకి చెప్పాలో, ఏవి మనసులో అనుకోవాలో వరసగా రాసి పెట్టుకున్నారు. లాటిన్ కాక మిగతా ఇటాలిక్ భాషల్లో ఇంత పొడవైన పాఠం ఇంకొకటి దొరకలేదు.

ఇక మన మాట. ఆరో రేకు రెండో వైపున ఫిసోవియస్ సాన్సియస్ అనే దేవుడికి చేసే ప్రార్థనలో ఇలా ఉంది:

"దితు ఒక్రె ఫిసి, తోతె ఇయోవినె, ఒక్రెర్ ఫిసియె, తోతార్ ఇయోవినార్ దుపుర్సుస్ పెతుర్‌పుర్సుస్ ఫాతో ఫితో"

ఫిసియన్ కొండకూ, ఇగువియం ప్రజకూ, ఆ కొండవీ ఆ ప్రజవీ అయిన రెండు కాళ్లవాటికీ నాలుగు కాళ్లవాటికీ మాటలోనూ చేతలోనూ సిద్ధిని ఇవ్వు, అని అర్థం. "దితు" అంటే ఇవ్వు. మన "దానం"లో ఉన్న "దా" ధాతువే ఇది.

"దుపుర్సుస్"ని విడదీసి చూడండి. దు అంటే రెండు. పుర్స్ అంటే పాదం. చివరి "ఉస్" బహువచనంలో చతుర్థీ విభక్తి, అంటే మన "కొరకు, కు". "పుర్స్" చూడగానే "పద్"లా అనిపించదు. అసలు సంగతి ఏమిటంటే, రెండు అచ్చుల మధ్య వచ్చిన "ద్" ఉంబ్రియన్‌లో ఒక వింత రేఫగా మారింది. వాళ్ల సొంత లిపిలో దానికి ప్రత్యేకమైన అక్షరం ఉండేది. తర్వాత లాటిన్ లిపిలోకి మారినప్పుడు ఆ అక్షరం లేక "ర్స్" అని రెండు అక్షరాలు పెట్టి సర్దుకున్నారు. మన పాత శాసనాల్లో ఉండే ఴ ఎలా కనుమరుగై డ, ల, ర లుగా చెదిరిపోయిందో తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఆ "ర్స్"ని వెనక్కి "ద్" చేస్తే దు-పొద్, పెతుర్-పొద్. ద్విపద్, చతుష్పద్.

మన మంత్రంలో "ద్విపదే" ఏకవచనం. రెండు కాళ్ల జీవులన్నిటినీ ఒక్క ముద్దగా చూసి చెప్పిన మాట. ఉంబ్రియన్‌లో బహువచనం. విభక్తి మాత్రం రెండుచోట్లా చతుర్థే. నాకు ఇది ఎంత ఆశ్చర్యం అంటే, రెండు రోజులుగా ఇంకో పని చేయబుద్ధి కావడం లేదు. ఇలాంటి జోడు ఇంకా ఎక్కడైనా తగిలిందా మీకు?

ఛందోభిమాని:

ద్విపద అనగానే నాకు మన ద్విపద ఛందస్సే గుర్తొచ్చింది. అక్కడ పాదం అంటే పద్యపాదం కదా. దానికీ దీనికీ సంబంధం ఉందాండీ?

శాసనప్రియ:

మాట ఒకటే, అర్థం వేరు. ఛందస్సులో ద్విపద అంటే రెండు పాదాల పద్యం. శాంతి పాఠంలో ద్విపద్ అంటే రెండు కాళ్ల ప్రాణి, ముఖ్యంగా మనిషి.

తెనాలి పంతులు:

అయ్యా, చాలా మంచి విషయం ఎత్తారు. మీరు శాంతి పాఠం దగ్గరే ఆగారు కానీ, దీనికన్నా దగ్గరి పోలిక నమకంలో ఉంది. పదో అనువాకం తీయండి.

"ఇమాగ్ం రుద్రాయ తవసే కపర్దినే క్షయద్వీరాయ ప్రభరామహే మతిమ్, యథా నః శమసద్ద్విపదే చతుష్పదే విశ్వం పుష్టం గ్రామే అస్మిన్ననాతురమ్"

మా రెండు కాళ్లవాటికీ నాలుగు కాళ్లవాటికీ మేలు కలిగేలా, ఈ ఊళ్లో ఉన్నవన్నీ పుష్టిగా, రోగం లేకుండా ఉండేలా, అని. "గ్రామే అస్మిన్" చూడండి. మీ ఉంబ్రియన్ పూజారి "ఈ కొండకు, ఈ ప్రజకు" అన్నాడు. మన ఋషి "ఈ ఊళ్లో" అన్నాడు. లోకమంతా బాగుండాలని అడగడం తర్వాతి సంగతి. ముందు మన ఊరు, మన మనుషులు, మన గొడ్లు.

ఇదే అనువాకం "ద్రాపే అంధసస్పతే" అని మొదలవుతుంది. అందులో "ఏషాం పురుషాణామ్, ఏషాం పశూనామ్" అని మనుషుల్నీ పశువుల్నీ జంటగా చెప్పారు. వీళ్లను భయపెట్టకు, వీళ్లలో ఎవరికీ జబ్బు రానీయకు, అని రుద్రుణ్ణి వేడుకోవడం. నలభై ఏళ్లుగా అభిషేకాల్లో చెబుతున్న మంత్రం ఇది. ఇటలీలో ఇంకెవరో పూజారి ఇదే కోరిక ఇవే మాటల్లో కోరాడంటే ఒళ్లు పులకరిస్తోంది.

శాసనప్రియ:

పంతులు గారూ, నమస్కారం. మీరు చెప్పిన "పురుషాణాం, పశూనాం" జంట చూడగానే ఇంకో వాక్యం పెట్టక తప్పదనిపించింది. ఆరో రేకు మొదటి వైపున, జూపిటర్ గ్రబోవియస్ దేవుడికి మూడు ఎద్దులను బలి ఇచ్చేటప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే మాటలివి:

"నెర్ఫ్ అర్స్‌మో, వెయ్‌రో పెక్వో, కస్త్రువో ఫ్రిఫ్, సల్వా సెరితు"

వెయ్‌రో అంటే మనుషులు. సంస్కృతంలో "వీర". పెక్వో అంటే పశువులు, "పశు"కి తోబుట్టువు. నెర్ఫ్ అంటే పెద్దలు, నాయకులు. మన "నర", "నృ" ఇదే. సల్వా అంటే చెక్కుచెదరకుండా, క్షేమంగా. "సర్వ"కి చుట్టం. సర్వ అంటే "అంతా" అనే ముందు "లోటు లేని, పూర్తిగా ఉన్న" అని పాత అర్థం, అది ఇక్కడ నిలిచింది. సెరితు అంటే కాపాడు.

ఒక్క వాక్యంలో నర, వీర, పశు, సర్వ, నాలుగు మాటలకు చుట్టాలు! తెలుగులో మనం రోజూ వాడే మాటలే.

తెనాలి పంతులు:

వీర అంటే ఇక్కడ శూరుడు అని కాదన్నమాట. అదీ నమకంలో ఉంది. "మా నస్తోకే తనయే మా న ఆయుషి మా నో గోషు మా నో అశ్వేషు రీరిషః, వీరాన్మా నో రుద్ర భామితో వధీః". పిల్లల్ని, ఆయుష్షును, ఆవుల్ని, గుర్రాల్ని హింసించకు, మా వీరుల్ని చంపకు అని. వీరాన్ అంటే యుద్ధం చేసేవాళ్లే అనుకుంటారు చాలామంది. కొడుకులు, ఇంటి మగవాళ్లు, మా మనుషులు అని చెబితేనే అక్కడ సరిపోతుంది. ఆవులు, గుర్రాల పక్కన చెప్పిన మాట కదా.

శాసనప్రియ:

సరిగ్గా అదే. ఉంబ్రియన్ "వెయ్‌రో" కూడా పశువుల పక్కనే వచ్చింది కాబట్టి ఊళ్లో మనుషులు అనే అర్థం. పాత ఇరాన్ భాష అవెస్తాలో కూడా "పసు, వీర" అనే జంట ఉంది. రోములో సేద్యం మీద పుస్తకం రాసిన కేటో, పొలానికి చేయించే శుద్ధి పూజలో మార్స్ దేవుణ్ణి "పాస్తోరెస్ పెకువాక్వె సల్వా సెర్వాస్సిస్" అని అడగమంటాడు. కాపరుల్నీ పశువుల్నీ క్షేమంగా కాపాడు, అని. అందులో వీర మాట పోయి కాపరి వచ్చాడు, కానీ "పెకు", "సల్వ", "సెర్వ" మూడూ అలాగే ఉన్నాయి. ఈ జంటల్ని వరసగా పేర్చి, ఇది ఆ భాషలు విడిపోక ముందు నుంచీ వస్తున్న ప్రార్థన మూస అని వివరించినవాళ్లలో భాషా శాస్త్రవేత్త కాల్వర్ట్ వాట్కిన్స్ ముఖ్యుడు.

నరులకు సంబంధించి ఒక చిన్న ముచ్చట. రోము చక్రవర్తి నీరో ఉన్నాడు కదా. ఆ పేరు సబైన్ల మాట. సబైన్ భాషలో దానికి బలవంతుడు, చురుకైనవాడు అని అర్థమని రోమన్ రచయిత స్వెటోనియస్ రాశాడు. "నర"కీ దానికీ ఒకటే వేరు.

వేదభూమి:

ఇంత పోలిక ఉందంటే మన సంస్కృతమే అక్కడికి వెళ్లిందని స్పష్టంగా తెలుస్తోంది కదండీ. ఎందుకు సూటిగా చెప్పరు? మన ఋషులు చెప్పిన మంత్రమే వాళ్లు నేర్చుకున్నారు.

శాసనప్రియ:

మీ ఉత్సాహం నాకు అర్థమైంది. కానీ ఆ మాటలే మీ వాదానికి అడ్డం వస్తున్నాయి. కాస్త ఓపిగ్గా చూడండి.

నాలుగు అనే మాట సంస్కృతంలో చతుర్, లాటిన్‌లో క్వాత్తువోర్, ఉంబ్రియన్‌లో పెతుర్. లాటిన్‌లో "క్వ" ఉన్నచోట ఉంబ్రియన్‌లో, సామ్నైట్ల భాష ఓస్కన్‌లో "ప" వస్తుంది. ఇది ఒక్క మాటలో జరిగింది కాదు. లాటిన్ "క్విస్" (ఎవరు) ఓస్కన్‌లో "పిస్". ఎక్కడ చూసినా ఇదే వరస. సంస్కృతంలో అదే ధ్వని కొన్నిచోట్ల క, కొన్నిచోట్ల చ అయింది. చతుష్పద్ అన్న మాటనే ఎరువు తెచ్చుకుని ఉంటే మొదట్లో చ కో, క కో ఉండాలి. చ నుంచి ప రావడానికి దారి లేదు. "క్వ" లాంటి ఒక పాత ధ్వని నుంచి ఇటు చ, అటు ప వచ్చాయంటేనే లెక్క కుదురుతుంది.

రెండోది అచ్చు. ఉంబ్రియన్ పుర్స్ వెనుక పొద్ ఉంది, "ఒ"తో. సంస్కృతంలో పాత ఎ, ఒ, అ మూడూ కలిసిపోయి "అ" అయ్యాయి. అందుకే పద్. ఒకసారి కలిసిపోయిన అచ్చుల్లోంచి ఏది ఒ, ఏది ఎ అన్నది సంస్కృతం విని నేర్చుకున్నవాళ్లు విడదీయలేరు. ఉంబ్రియన్‌లో, గ్రీకులో ఆ తేడా సరైన చోట్ల నిలిచింది.

కాబట్టి తల్లీ బిడ్డా అనుకోవడానికి లేదు. ఒకే ఇంట్లో పుట్టి దూరదేశాలకు వెళ్లిన తోబుట్టువులు అనుకోవాలి. నా దృష్టిలో దీనివల్ల వేదం గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు. ఆ మాట నమకంలోకి రాక ముందే ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తోంది.

ఇంకోటి. ఈ మాటలు తెలుగులోకి సంస్కృతం ద్వారా వచ్చినవి. రెండు, నాలుగు, కాలు, ఇవి మన సొంత ద్రావిడ మాటలు. వాటికి ఈ చుట్టరికం లేదు.

వేదభూమి:

అచ్చుల సంగతి నేనెప్పుడూ వినలేదు. చదువుతాను. కానీ ఒక ప్రశ్న. ఎవరూ మాట్లాడని భాషలో ఇలా పక్కాగా అర్థం ఎలా చెప్పగలిగారు?

శాసనప్రియ:

నిజానికి చాలాకాలం చెప్పలేకపోయారు. 19వ శతాబ్దంలో తియోడర్ ఆఫ్రెష్ట్, అడాల్ఫ్ కిర్హాఫ్ అనే ఇద్దరు జర్మన్ పండితులు 1849 నుంచి 1851 వరకు ఉంబ్రియన్ శాసనాలన్నిటినీ శాస్త్రీయంగా పరిష్కరించి ప్రచురించారు. దారి అక్కడ తెరుచుకుంది. ఇందులో మీకు నచ్చే విషయం ఒకటుంది. ఆ ఆఫ్రెష్టే తర్వాత 1861 నుంచి 1863 మధ్య ఋగ్వేదాన్ని మొత్తం రోమన్ లిపిలో అచ్చు వేయించాడు. సంస్కృత రాతప్రతులన్నిటికీ పెద్ద పట్టిక తయారుచేసింది కూడా ఆయనే. అంటే ద్విపదే, దుపుర్సుస్ రెండూ ఒకే మనిషి బల్ల మీద నుంచి లోకానికి వెళ్లాయి.

ఇంకో సాయం రేకుల్లోనే దొరికింది. మొదటి రేకులో ఉన్న పూజే ఆరు, ఏడు రేకుల్లో మళ్లీ ఉంది. మొదటిది పాతది, ఉంబ్రియన్ లిపిలో, క్లుప్తంగా. తర్వాతిది లాటిన్ లిపిలో, మంత్రాలతో సహా పూర్తిగా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే చాలా చిక్కులు విడతాయి.

తెనాలి పంతులు:

మా దగ్గరా అంతే. ప్రయోగ పుస్తకంలో "ఇతి మంత్రేణ" అని మొదటి ముక్క రాసి వదిలేస్తారు. వచ్చినవాడికి అది చాలు. కొత్తగా నేర్చుకునేవాడికి పూర్తి పాఠం కావాలి.

బొలోన్యాలో చదువుతున్నాను:

నమస్కారం అండీ, నేను ఇటలీలో ఎం.ఎస్. చేస్తున్నాను. గుబ్బియో వెళ్లి ఆ రేకుల్ని చూశాను. అప్పటికి ఈ సంగతులేవీ తెలియవు, చాలా బాధగా ఉంది ఇప్పుడు. ఆరు, ఏడు రేకులు మిగతావాటికన్నా బాగా పెద్దవి. అక్షరాలు చిన్నగా, వరసలు దగ్గరగా, రేకు నిండా ఉంటాయి. రెండు వైపులా రాసి ఉంటుంది. మొదటి రేకులో లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, పెద్ద రేకుల్లో ఎడమ నుంచి కుడికి. పక్షులను చూడడంతో పూజ మొదలవుతుందని అక్కడ గైడ్ చెప్పారు. అది నిజమేనా?

శాసనప్రియ:

నిజమే అమ్మా. ఆరో రేకు మొదటి వాక్యమే అది. పక్షులను గమనించి ఈ పూజ మొదలుపెట్టాలి, అని. నాలుగు పక్షుల పేర్లు వస్తాయి. పార్ఫా అనేది ఏ పిట్టో పండితుల మధ్య వాదం ఉంది. కుర్నాకో అంటే కాకి జాతి పిట్ట. పెయ్‌కో అంటే వడ్రంగి పిట్ట, పెయ్‌కా అంటే మాగ్‌పై అనే నలుపు తెలుపు పిట్ట. ఏది ఏ వైపు కనిపించాలో కూడా చెప్పారు. శకునం చూసే మనిషి కూర్చున్నాక ఎవరూ చప్పుడు చేయకూడదు, మధ్యలో ఇంకెవరూ వచ్చి కూర్చోకూడదు. చప్పుడైతే ఆ శకునం చెల్లదు.

వడ్రంగి పిట్ట ఆ జనాలకు మార్స్ దేవుడి పక్షి. పికెంటీలు అనే ఇటాలిక్ జాతి తమ పూర్వీకులకు వడ్రంగి పిట్టే దారి చూపించి కొత్త దేశానికి తెచ్చిందని చెప్పుకునేవారు. జాతి పేరులోనే ఆ పిట్ట ఉంది. హిర్పీనీలకు అలాగే తోడేలు.

ఓరుగల్లు బిడ్డ:

శాసనప్రియ గారూ, మీరు "ఊరి ద్వారాలు" అని ఒక ముక్క అని వదిలేసిన్రు. దాని గురించి చెప్పుండ్రి. మా దగ్గర బొడ్రాయి పండుగ చేసేటప్పుడు పొలిమేరలు కట్టేస్తరు. ఆ టైంలో బయటోళ్లు లోపలికి రావద్దు, ఊరోళ్లు బయటికి పోవద్దు. ఆడబిడ్డలందరినీ ముందే పిలిపిస్తరు. రాత్రి ఊరి చుట్టూ పొలి చల్లుతరు. అక్కడ కూడా ఇట్లాంటిదేమన్న ఉందా?

శాసనప్రియ:

ఉంది. ఊరికి మూడు ద్వారాలు, ఒక్కో ద్వారం దగ్గర రెండేసి బలులు. త్రెబులన్ ద్వారం ముందు జూపిటర్ గ్రబోవియస్‌కు మూడు ఎద్దులు, వెనుక త్రెబస్ జోవియస్‌కు మూడు చూలు పందులు. తెసెనకన్ ద్వారం ముందు మార్స్ గ్రబోవియస్‌కు మూడు ఎద్దులు, వెనుక మన ఫిసోవియస్‌కు మూడు పాలు తాగే పంది పిల్లలు. "ద్విపదే చతుష్పదే" అన్న ప్రార్థన ఇక్కడే. మూడో ద్వారం ముందు వోఫియోనస్ గ్రబోవియస్‌కు నుదుట తెల్ల మచ్చ ఉన్న మూడు ఎద్దులు, వెనుక తెఫెర్ జోవియస్‌కు మూడు గొర్రె పిల్లలు. ద్వారం ముందు పెద్ద దేవుడు, వెనుక చిన్న దేవుడు.

మీరు చెప్పిన పొలిమేర కట్టడం ఇంకో పూజలో ఉంది. ఊరి జనాన్ని ఒకచోట నిలబెట్టి, బయటివాళ్లను పేరుపెట్టి వెళ్లిపొమ్మంటారు. తాదినేట్లు, ఎత్రుస్కన్లు, నహార్కులు, ఇయాపుదులు, వీళ్లలో ఎవరైనా ఇక్కడుంటే ఈ జనంలోంచి బయటికి పోవాలి, అని. తర్వాత బలి పశువులతో జనం చుట్టూ మూడుసార్లు తిరుగుతారు. చివర్లో ఆవు పెయ్యల్ని వదిలిపెట్టి తరుముతారు. ముందుగా దొరికిన మూడింటిని తుర్సా జోవియా దేవతకు బలి ఇస్తారు.

అయితే దీన్ని ద్విపదే చతుష్పదే పోలికతో కలపకూడదని నా అభిప్రాయం. మాటల పోలికకు ధ్వనుల లెక్క సాక్ష్యం ఉంది. పొలిమేర కట్టడం, ఊరి చుట్టూ తిరగడం ఊరనేది ఉన్న ప్రతిచోటా జనం తమంతట తాము మొదలుపెట్టగలరు. మీ బొడ్రాయి మీ ఊరిదే, వాళ్ల తుర్సా వాళ్లదే. పోల్చి చూసి సంతోషించవచ్చు, చుట్టరికం కలపనక్కర్లేదు.

ఓరుగల్లు బిడ్డ:

మంచిగ చెప్పిన్రు. మా నాయనకు చదివి వినిపిస్త.

కొత్త సభ్యురాలు:

ఇంత పద్ధతిగా రాసుకున్నారు కదా, పూజలో తప్పు జరిగితే ఏం చేసేవారండీ? మా అమ్మ వ్రతంలో ఒక్క వస్తువు మర్చిపోయినా రోజంతా టెన్షన్ పడుతుంది.

శాసనప్రియ:

వాళ్లదీ అదే టెన్షన్ అమ్మా. జూపిటర్ గ్రబోవియస్ ప్రార్థనలో సగం దాని గురించే. కొండ మీద నిప్పు అంటుకుని ఉంటే, ఊళ్లో జరగాల్సిన విధులు జరగకపోయి ఉంటే, "పుసెయ్ నెయ్‌ప్ హెరితు", కావాలని చేసింది కాదనుకో, అంటాడు పూజారి. ఆ తర్వాత నీ పూజలో లోపం ఉంటే, తప్పు ఉంటే, అతిక్రమణ ఉంటే అంటూ ఒకటే అర్థానికి దగ్గరగా ఉన్న మాటలు ఐదారు పేర్చుకుంటూ పోతాడు. చివరికి "విర్సెతో అవిర్సెతో" అంటాడు. కనబడిన తప్పు, కనబడని తప్పు. ఆ లోపాలన్నిటికీ ఈ ఎద్దుతో పరిహారం, అని. ఇదంతా ఒక్కో ఎద్దుకు ఒక్కోసారి, మూడుసార్లు చెప్పాలి.

తెనాలి పంతులు:

"మంత్రహీనం క్రియాహీనం భక్తిహీనం మహేశ్వర, యత్పూజితం మయా దేవ పరిపూర్ణం తదస్తు తే". అమ్మా, మీ అమ్మగారికి ఈ శ్లోకం చెప్పండి. వ్రతం చివర అక్షతలు వదిలేటప్పుడు ఇది చెబితే మర్చిపోయినవన్నీ ఇందులోకి వచ్చేస్తాయి. ఆమె టెన్షన్ పడక్కర్లేదు.

శాసనప్రియ:

మనుషుల మధ్య తప్పులకు మాత్రం దేవుడి క్షమాపణతో సరిపోదు. ఏడో రేకులో చివరి మాట అదే. బృందానికి పెద్దగా ఉన్నవాడు ఆ తరమడానికి కావాల్సిన పన్నెండు పెయ్యల్ని సమకూర్చాలి. సమకూర్చకపోతే 300 ఆస్సుల జరిమానా. ఆస్ అంటే అప్పటి రాగి, కంచు నాణెం. విందు సరిగా పెట్టారా లేదా అన్నది కూడా సోదరులు సమావేశమై ఓటు వేసి తేల్చేవారని ఐదో రేకు చెబుతుంది.

సొమ్ములు:

పెక్వో, పశు అన్నారు కదా, లాటిన్‌లో డబ్బుకు "పెకూనియా" అనే మాట ఆ పెకు నుంచే వచ్చిందని చదివాను. మా ఊరి వైపు పెద్దవాళ్లు ఆవుల్నీ ఎద్దుల్నీ "సొమ్ములు" అనే అంటారు. "సొమ్ములు తోలుకొచ్చావా" అంటే బంగారం గురించి కాదు.

శాసనప్రియ:

అద్భుతమైన మాట పట్టుకొచ్చారు. దాని మీద విడిగా టపా పెట్టండి, ఏ ఏ జిల్లాల్లో వాడతారో సభ్యులు చెబుతారు.

బొలోన్యాలో చదువుతున్నాను:

ఉంబ్రియన్లవి తప్ప మిగతా ఇటాలిక్ జాతుల పూజల గురించి ఇలాంటి రాతలు లేవాండీ?

శాసనప్రియ:

ఇంత పొడవైనవి లేవు, కానీ అన్యోనె ఫలకం గురించి చెప్పకుండా ఉండలేను. సామ్నైట్లది, ఓస్కన్ భాషలో ఉంది. 1848లో దొరికింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అడుగు ఎత్తు కూడా లేని చిన్న కంచు ఫలకం, వేలాడదీయడానికి పిడి, గొలుసు ఉన్నాయి. సెరెస్ అనే పంటల దేవత తోటలో ఏ ఏ దేవతలకు చోటు ఉందో జాబితా. ఓస్కన్‌లో ఆమె పేరు కెర్రి. ఆ జాబితాలో చాలామంది దేవతల పేరు పక్కన "కెర్రికి చెందిన" అనే విశేషణం ఉంటుంది. హెర్క్యులీస్ కూడా అక్కడ కెర్రి హెర్క్యులీసే. అంటే ఆ తోటలో అడుగుపెట్టిన దేవుడు ఎంతటివాడైనా ఆ ఇంటి మనిషి అయిపోవాల్సిందే.

అందులో "ఫుత్రెయ్ కెర్రియాయ్" అని ఒక దేవత ఉంది. కెర్రి కూతురికి, అని అర్థం. ఫుతిర్ అంటే కూతురు. సంస్కృత "దుహితృ"కి ఇది చుట్టం. సంస్కృతంలో ద్ మిగిలింది, ఓస్కన్‌లో అదే ధ్వని ఫ్ అయింది. "దెయ్‌వాయ్ గెనెతాయ్" అని ఇంకో దేవత. దెయ్‌వా అంటే దేవి. గెనెతా, మన జననం, జనని ఉన్న వేరుది. పుట్టుకను చూసుకునే దేవత కావచ్చు.

తెనాలి పంతులు:

మళ్లీ మీ "నెర్ఫ్ అర్స్‌మో" దగ్గరికి వస్తాను. దాన్ని తెలుగులో పెట్టాలంటే ఎలా పెడతారు? నాకైతే నమకం పక్కన చదువుకోవాలని ఉంది.

శాసనప్రియ:

ఇలా పెట్టాను: "మా పెద్దల్నీ మా క్రతువుల్నీ, మా మనుషుల్నీ మా పశువుల్నీ, మా చేలనూ మా ఫలాలనూ చల్లగా కాపాడు." మూడు జంటలు. కస్త్రువో అన్న మాట ఒక్కటే చిక్కు. కొందరు చేలు అంటారు, కొందరు ఇళ్లు అంటారు, కొందరు తలలు అని కూడా అన్నారు. ఫ్రిఫ్ పక్కన ఉంది కాబట్టి నాకు చేలు అనడమే నచ్చింది.

కొత్త సభ్యురాలు:

ఫలాలు అంటే పళ్లు అనుకుంటారేమో. పంటలు అనొచ్చు కదండీ? మా అమ్మమ్మ దీవించేటప్పుడు "పిల్లా పాపా, గొడ్డూ గోదా, పాడీ పంటా" అనేది. అలా జంటలుగా వస్తే చెవికి బాగుంటుంది.

శాసనప్రియ:

మీదే బాగుంది. ఫ్రిఫ్ అంటే పొలంలో పండేదే, లాటిన్ "ఫ్రూగెస్"కి జత. "మా పెద్దల్నీ క్రతువుల్నీ, మనుషుల్నీ పశువుల్నీ, చేలనూ పంటలనూ చల్లగా కాపాడు." పంతులు గారూ, ఇలా రాసుకోండి.